సేవానిధి వేలంపాటకు నియమాలే ప్రాణం

సంపాదకులకు నమస్కారం.

సేవాకార్యక్రమాల కోసం ఆన్‌లైన్ వేలంపాటలు పెట్టి నిధులు సేకరించే సంస్థల గురించి మీ పత్రికలో వచ్చే వార్తలను నేను శ్రద్ధగా చదువుతుంటాను. వాటిలో పాట ఎంతదాకా వెళ్లిందన్నది ప్రముఖంగా కనిపిస్తుందే తప్ప, దాని వెనక నిర్వాహకులు ముందుగా ఏమేం చేశారన్నది కనిపించదు. ఇటువంటి వేలం నిలబడినా, చతికిలబడినా అది పాట తెరవకముందు రాసుకున్న నియమాలను బట్టే ఉంటుందని నా గట్టి నమ్మకం. ఏ వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఎలా ప్రచారం చేయాలి అన్నవి ఆ తర్వాతి సంగతులు.

వస్తువుల విషయమే తీసుకుంటే, డబ్బు పెట్టి కొన్నవాటిని వేలానికి పెడితే ఆ ఖర్చు రాబట్టుకోవడానికే సగం శ్రమ పోతుంది కనుక, దాతలు ఉచితంగా ఇచ్చినవాటితోనే నడపడం మంచిది. అందులోనూ బజారులో దొరకనివాటికే మంచి ధర పలుకుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పేదలకు సేవచేసే గ్లైడ్ ఫౌండేషన్‌కు సాయంగా అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్‌తో భోజనం చేసే అవకాశాన్ని 2000 నుంచి వేలం వేసేవారు. 2003లో అది ఈబే అనే ఆన్‌లైన్ వేలం వెబ్‌సైట్‌లోకి మారింది. 2022లో జరిగిన పాట 25,000 డాలర్ల దగ్గర మొదలై 1.9 కోట్ల డాలర్లు దాటింది. అంతటి పేరున్నవారు ప్రతి సంస్థకూ దొరకరు, నిజమే. కానీ ఒక చిత్రకారుడి పనిగదిలో ఆయనతో గడిపే పూట, ఒక విద్వాంసురాలు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పే సంగీతపాఠం కూడా ఏ దుకాణంలోనూ దొరికేవి కావు. బఫెట్ భోజనం వేలం ఎంత తక్కువ దగ్గర మొదలైందో కూడా గమనించాలి. ప్రారంభ ధరే హడలగొడితే జనం తొంగిచూసి వెళ్లిపోతారు; నలుగురు పోటీ పడితే ధర దానంతటదే పెరుగుతుంది. విలువైన వస్తువు కారుచౌకగా పోతుందన్న భయం ఉంటే, అంతకు తగ్గితే ఇవ్వబోమని కనీస ధర ఒకటి నిర్ణయించుకుని, అటువంటిది ఉందన్న మాట ముందే ప్రకటించాలి.

చేత్తో పట్టుకుని చూసే వీలు లేని చోట కొనేవారికి వర్ణనే ఆధారం. ఒక పాత గోడగడియారాన్ని ‘అందమైన పురాతన గడియారం’ అని రాసి ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. దాని ఎత్తెంత, వెడల్పెంత, ఇప్పుడు నడుస్తోందా లేదా, తాళంచెవి ఉందా, అద్దం మీద గీత ఎక్కడుంది, పంపే ఖర్చు ఎవరిది అన్నవన్నీ రాసి, ఆ గీతను దగ్గరగా తీసిన ఫొటో, వెనకవైపు ఫొటో కూడా పెడితే, పాడేవారు ధైర్యంగా పాడతారు. లోపం దాచి అమ్మితే ఆ తగాదా సంస్థ పేరుకే మచ్చ తెస్తుంది.

నిర్వాహకులు చాలా తక్కువగా ఆలోచించేది పాట ముగింపు గురించే. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనంలో రెండు పద్ధతులను పోల్చారు. ఈబేలో గడువు కచ్చితంగా చెప్పిన సమయానికి ముగిసేది. అప్పట్లో అమెజాన్ నడిపిన వేలంలో చివరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు పొడిగించేవారు. చివరి క్షణం దాకా ఆగి పాడేవారు ఈబేలోనే బాగా ఎక్కువగా కనిపించారు. అలా ఆఖరి సెకన్లలో ఒకరు పాట ఎగరేసుకుపోతే, ఇంకా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మరొకరికి బదులు పలికే వ్యవధి ఉండదు, ఆ మేరకు నిధికే నష్టం. కాబట్టి సేవానిధి వేలానికి గడువు పొడిగింపే సరైన పద్ధతి. అన్ని వస్తువుల పాటా ఒకే నిమిషంలో ముగించకుండా కొంత ఎడం ఉంచితే, ఒకటి చేజారినవారు మరొకదానికి పాడగలుగుతారు.

ధర పెంచడానికి నిర్వాహకులో, వారి మనుషులో మారుపేర్లతో పాడటం మోసమే. మంచిపని కోసమే కదా అన్న సమర్థన దీనికి చెల్లదు. నిర్వాహకులు, వారి కుటుంబసభ్యులు పాడవచ్చా లేదా అన్నది నియమాల్లో మొదటి వరుసలోనే ఉండాలి. పాడేవారి వివరాలు, చెల్లింపు పద్ధతి ముందే సరిచూసుకోవాలి. గెలిచినవారు ఎన్ని రోజుల్లో డబ్బు కట్టాలి, కట్టకపోతే తర్వాతి హెచ్చుపాటదారుకు ఏ ధరకు ఇస్తారు అన్నది కూడా స్పష్టంగా రాయాలి.

ఇక లెక్కలు. పాటలో పలికిన మొత్తం, వెబ్‌సైట్ రుసుము, చెల్లింపు చార్జీలు, రవాణా ఖర్చు పోగా మిగిలినది, అది ఎవరికి ఎప్పుడు చేరింది అన్న వివరాలను పాడి గెలిచినవారికే కాక ఓడినవారికీ, వస్తువులిచ్చిన దాతలకూ పంపాలి. అమెరికా వంటి దేశాల్లో పన్ను మినహాయింపు కోసం వస్తువు మార్కెట్ విలువకు మించి చెల్లించినదాన్నే విరాళంగా లెక్కిస్తారు కనుక రసీదులో ఆ విలువ కూడా రాయడం అవసరం. మీరు కూడా ఇటువంటి వేలంపాటల వార్తలు వేసేటప్పుడు, పలికిన ధర పక్కనే ఖర్చులు పోను లబ్ధిదారులకు అందిన మొత్తాన్ని కూడా నిర్వాహకులను అడిగి ప్రచురించాలని మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు