క్రెష్ ఫీజు ఎవరి జీతంలోంచి?

బెంగళూరు,
గురువారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఆలస్యానికి తిట్టదలచుకుంటే ముందు తిట్టేసి తర్వాత చదువు. అమ్మ మోకాలు నయం. జయనగర్ ఇల్లు మారలేదు, అద్దె మాత్రం మారింది. పాపకు రెండు పళ్లు వచ్చాయి. ఇక అసలు సంగతి. ఆదివారం నుంచి ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

సుధ ప్రసూతి సెలవు ఈ నెలాఖరుకు అయిపోతుంది. 2017లో చట్టం మార్చారు కాబట్టి 26 వారాలు జీతంతో ఇంట్లో ఉంది, లేకపోతే 12 వారాలే. నాకా? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినైతే 15 రోజులు దొరికేవి. మా కంపెనీవాళ్లు రెండు రోజులిచ్చి, మిఠాయిలెక్కడని అడిగారు.

ఆదివారం టిఫిన్ల వేళ మామగారు క్యాలెండర్ కాగితం చింపి వెనకవైపు లెక్క మొదలుపెట్టారు. బ్యాంకులో చేసిన మనిషి కదా, గీతలు కూడా స్కేలుతోనే. పైన సుధ జీతం, 58 వేలు. కింద పసిపిల్లల్ని పగలంతా చూసుకునే క్రెష్‌కు 18, వంటమనిషి 7, చిల్లర ఖర్చులు 5. మిగిలింది 28. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఈ మాత్రానికి పసిదాన్ని వదిలి వెళ్లాలా తల్లీ?" అన్నారు. అత్తయ్యగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. నేను నీ హాస్టల్ సూత్రం పాటించాను: నోట్లో ఇడ్లీ ఉన్నవాణ్ని ఎవరూ సాక్ష్యం అడగరు.

సుధ ఏమీ అనకుండా పెన్ను తీసుకుని పక్కనే నా జీతం వేసింది, 52. అవే మూడు ఖర్చులు, అదే వరుసలో. మిగిలింది 22. "పాప ఇద్దరిదీ కదా నాన్నా, ఫీజు నా జీతంలోంచే ఎందుకు పోవాలి? మీ లెక్కే సరైతే ఇంట్లో ఉండాల్సింది ఈయన" అంది. ఇడ్లీ గొంతుకు అడ్డం పడింది.

మామగారు "మగవాడు..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. తర్వాత ఆయనలోని బ్యాంకు మనిషి లేచాడు. సుధకు సర్వీసు నాలుగున్నరేళ్లు, ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి ఐదు నిండాలి, ప్రసూతి సెలవూ అందులో కలుస్తుంది, మానేస్తే పీఎఫ్‌లో కంపెనీ వాటా కూడా ఆగిపోతుంది. అన్నీ తనే రాసి తన వాదాన్ని తనే కొట్టేశారు! గిన్నెలు తోముతున్న మంజులమ్మ "మీకు గృహలక్ష్మి 2000 రాదామ్మా?" అంది. ఇంటి ఇల్లాలికి కర్ణాటక ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు అది. పన్ను కట్టే ఇంటికి ఇవ్వరంటే మా వైపు జాలిగా చూసింది.

సుధ ఆఫీసులోనే క్రెష్ ఉంది. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట ఉండి తీరాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. కానీ అది వైట్‌ఫీల్డులో! పసిదాన్ని రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటించడమంటే... నీకు చెప్పాలా, నీ పెళ్లిచూపులు అక్కడే కదా తప్పిపోయాయి.

నిజం చెప్పనా? ఏడాదిపాటు ఇంట్లో ఉండాలని నాకే ఉంది. ఇంకా సుధతో అనలేదు. డబ్బుకు ఎలాగో సర్దుకుంటాం. తిరిగి ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ ఏడాదంతా ఏం చేశావని అడిగితే మాత్రం... మామగారైతే ఇక ఊళ్లో తల ఎలా... సరేలే.

మీ నాన్నగారి కోసం నువ్వు ఏడాదిన్నర ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగంలో చేరావు కదా, ఇంటర్వ్యూలో వాళ్లకు ఏం చెప్పావు? ఉన్నదున్నట్టు రాయి, నీ గొప్పలు కలపకుండా. పాప లేచింది, ఇవాళ వంతు నాది.

నీ
రాజు