ఆ తెల్ల పొడి గురించి కాదుగానీ...

చి. చిన్నీకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప నొప్పి పెట్టడం లేదట. మెట్లెక్కడం మాత్రం మానదు. తమ్ముడికి కొత్త కళ్ళజోడు వచ్చింది, జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. వరలక్ష్మత్త వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళింది, ఎప్పట్లాగే వెళ్తూ వెళ్తూ గొడుగు మర్చిపోయింది. అది తీసుకోవడానికి మళ్ళీ వస్తుంది, అదంతా నీకు తెలిసిందే.

నువ్వు ఫోన్ చేయకపోవడం గురించి నేనేమీ అనను. పనులుంటాయి. మీ అమ్మ అడిగినప్పుడల్లా "ఆఫీసులో ఊపిరాడట్లేదేమో" అని నేనే సర్దిచెబుతున్నాను. నువ్వు పంపే ఆ బొటనవేలు బొమ్మనే జవాబు అనుకోవడం అలవాటు చేసుకుంటున్నాం.

అన్నట్టు, మొన్న స్రవంతి వచ్చింది. నీ గదిలో ఉండి వెళ్ళిందట కదా. బాగా చూసుకున్నావని చెప్పింది, కాస్త చిక్కావని కూడా అంది. మాటల్లో మాటగా, నువ్వు పొద్దున్నే పరగడుపున ఏదో తెల్ల పొడి చెంచాడు నీళ్ళలో కలుపుకుని తాగుతున్నావనీ, జుట్టు రాలడం, నీరసం తగ్గుతాయనీ, ఒంట్లో ఉన్న విషాలూ పురుగులూ పోతాయనీ తనకీ ఒక గ్లాసు కలిపి ఇవ్వబోయావనీ చెప్పింది. పేరేమిటంటే దానికి నోరు తిరగలేదు. "ఏదో ఎర్త్ పెదనాన్నా" అంది. దాని మీద కోప్పడకు. చాడీ చెప్పలేదు, తను కూడా తాగొచ్చా అని అడిగింది, అంతే.

నేను వద్దనీ అనలేదు, కావాలనీ అనలేదు. మీ అమ్మ పక్కనే ఉంది మరి.

సరే, ఆ సంగతి వదిలేద్దాం. నీ చలికోటు ఇక్కడే ఉండిపోయింది, పంపించమంటావా? బ్యాంకు కాగితాల మీద సంతకాలు అడిగాను, చూశావా? మంచం కిటికీ పక్క నుంచి జరిపావా లేదా? తల మీద గాలి తగిలితే నీకు జలుబు చేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

ఆ పొడి నాకు కొత్తదేం కాదులే. డయటోమేషియస్ ఎర్త్. నువ్వు పుట్టకముందు నుంచీ నా ఉద్యోగమంతా దాని మధ్యే గడిచింది. సాయంత్రం నా చొక్కా దులిపితే తెల్లగా రాలేది గుర్తుందా, మీ అమ్మ వాకిట్లోనే విడిపించేది. అదే ఇది. మేం దాన్ని ఫిల్టర్ ఎయిడ్, అంటే వడపోతకి సాయపడే పొడి, అనేవాళ్ళం. నీళ్ళలో బతికే డయాటమ్‌లనే ఏకకణ జీవులు ఒంటి చుట్టూ సిలికాతో, అంటే ఇసుకలో ఉండే పదార్థంతో, గుల్ల కట్టుకుంటాయి. అవి చచ్చి చెరువుల, సముద్రాల అడుగున లక్షల ఏళ్ళు పేరుకుంటే ఈ మట్టి అవుతుంది. ఒక్కో గుల్ల నిండా సూక్ష్మమైన చిల్లులు. ఆ చిల్లులే దాని బలమంతా. 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ నైట్రోగ్లిజరిన్ అనే పేలుడు ద్రవాన్ని ఇందులో ఇంకించే డైనమైట్ చేశాడు. మేం ఫిల్టర్ ప్రెస్ గుడ్డల మీద దీన్ని పొరగా పట్టించి చక్కెర పాకాన్ని వడకట్టేవాళ్ళం. మడ్డంతా పొరలో ఆగిపోయేది, పాకం తేటగా దిగేది. తర్వాత ఆ పొరని కేకులా గీకి అవతల పారేసేవాళ్ళం.

ఈ పారేయడం దగ్గర కాస్త ఆగు తల్లీ. నీ ప్యాకెట్ మీద "ఫుడ్ గ్రేడ్" అని రాసుంటుంది. ఆహారం తయారీలో వాడదగినంత శుభ్రంగా ఉందని దాని అర్థం. అలాంటి పనికే కదా మేమూ వాడింది! పాకం కిందికి దిగాక పొడి మిగిలిపోకూడదని ల్యాబులో పరీక్షలు చేసి చచ్చేవాళ్ళం. ఇప్పుడు నా కూతురే దాన్ని చెంచాతో తింటోందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తమ్ముడి పరీక్షలు అయిపోయాయి. బాగా రాశానంటాడు. వాడు బాగా రాశానన్నప్పుడే నాకు భయం.

గోపాలం బాబాయి మొన్న బజార్లో కనిపించాడు. నిన్ను అడిగాడు. పెద్ద మీసాలు, నిన్ను భుజం మీద ఎక్కించుకుని గేటు దాకా మోసుకెళ్ళేవాడు, మర్చిపోయి ఉండవు. ఆయనది స్టోర్స్ డ్యూటీ. నువ్వు ఇంకా పలక పట్టని రోజుల్లో మనిషి ఎప్పుడూ డస్సిపోయి ఉండేవాడు. రెండు మెట్లెక్కితే ఆయాసం, కళ్ళ కింద పాలిపోయిన తెలుపు. కడుపులో పురుగులున్నాయని ఆయనకి గట్టి నమ్మకం. శాంపిళ్ళు పట్టుకుని వచ్చే ఒక సేల్స్ కుర్రాడు చెవిలో వేశాడు, విదేశాల్లో ఈ పొడిని పశువుల దాణాలో కలుపుతారని, కడుపులో పురుగన్నది మిగలదని. కలిపే మాట నిజమే. అమెరికాలో దాణా ఉండకట్టకుండా 2 శాతం దాకా కలపనిస్తారు. ఉండకట్టకుండా! కుర్రాడు ఆ ముక్క మింగేశాడు.

గోపాలానికి ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. గోడౌన్‌లో బస్తా చిరిగిన చోట చీమలూ బొద్దింకలూ ఆ పొడి మీద నడిచి చచ్చిపడి ఉండేవి. "బయటి పురుగు చచ్చినప్పుడు లోపలి పురుగు చావదా బావా?" అని నాతో వాదన. నేను వద్దంటూనే ఉన్నాను. వింటేనా! పైగా స్టోర్స్‌లో రెండు రకాల బస్తాలుండేవి. కాల్చని సహజమైనది మట్టిరంగులో మసకగా ఉండేది. సోడా కలిపి దాదాపు వెయ్యి డిగ్రీల వేడిలో కాల్చింది తళతళలాడే తెలుపు. గోపాలం శుభ్రంగా ఉందని ఆ తెల్లదాన్నే ఎంచుకున్నాడు. అసలు ప్రమాదం అందులోనే ఉంది. అంత వేడికి ఆ సిలికాలో చాలా భాగం క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా మారుతుంది. ఆ ధూళి పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడితే సిలికోసిస్, దానికి వెనక్కి తిప్పే మందు లేదు. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పనిచోట్ల పీల్చే స్ఫటిక సిలికాని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. అందుకే మాకు ఆ బస్తాలు విప్పేటప్పుడు మాస్కులు తప్పనిసరి. గోపాలం మాస్కు వేసుకుని బస్తా విప్పేవాడు, మాస్కు తీసేసి చెంచాడు నోట్లో వేసుకునేవాడు.

కొన్ని నెలలు అలా తిన్నాడు. మలబద్ధకం పట్టుకుంది, "లోపల పురుగులు చస్తున్నాయి కదా, అలాగే ఉంటుంది" అన్నాడు. పొడిదగ్గు వచ్చింది, "విషం బయటికి వస్తోంది" అన్నాడు. చూడు, ఏం జరిగినా పొడి పనిచేస్తున్నట్టే లెక్క. ఇలాంటి వైద్యాలన్నిటికీ ఇదొక సుఖం. చివరికి ఒకరోజు నిచ్చెన మీద కళ్ళు తిరిగితే నేనూ ఇంకొకతనూ పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. రక్తపరీక్ష, మలపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చేయించారు. ఊపిరితిత్తులు దేవుడి దయవల్ల బాగున్నాయి. రక్తం మాత్రం సగానికి సగం లేదు. ఎందుకో తెలుసా? కొంకిపురుగులు. పేగుగోడకి కరుచుకుని రక్తం తాగుతూ, అన్ని నెలల పొడి వర్షంలోనూ గుడ్లు పెడుతూ హాయిగా ఉన్నాయి.

డాక్టరుగారు కోప్పడలేదు. "గోపాలం, ఆ పొడి నీళ్ళలో కలిపి అందులో చీమని నడిపించి చూశావా ఎప్పుడైనా?" అన్నారు. వాడు ఊరుకుంటాడా! మర్నాడు మా ల్యాబు బల్ల మీద పళ్ళెంలో ముద్ద కలిపి చీమల్ని వదిలాడు. మేమంతా పని మానేసి చుట్టూ నిలబడ్డాం. చీమలు కాళ్ళకి బురద పూసుకుని తీరిగ్గా అవతలి గట్టుకి నడిచి వెళ్ళిపోయాయి. ఆ పొడి పురుగుని చంపేది విషంతో కాదు చిన్నీ. పురుగు ఒంటి మీద మైనపు పూత ఉంటుంది, పొడి ఆ పూతని బ్లాటింగ్ కాగితం సిరాని పీల్చినట్టు పీల్చేస్తుంది, పురుగు ఎండిపోయి చస్తుంది. అది జరగాలంటే పొడి పొడిగా ఉండాలి. కడుపులో పొడిగా ఉండే చోటెక్కడుంది? నువ్వైతే గ్లాసులోనే తడిపి మరీ లోపలికి పంపుతున్నావు.

నులిపురుగులకిచ్చే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఆపైన కొన్ని నెలలు ఐరన్. గోపాలం మీసాలు మళ్ళీ నిక్కబొడుచుకున్నాయి. ఎందుకు చెప్పుకొచ్చానంటే, ఏమీ లేదు, బజార్లో కనిపించాడు కదా అని.

నీకు పురుగుల అనుమానమే ఉంటే మలపరీక్ష చేయించుకో. సిగ్గుపడాల్సిందేం లేదు.

నువ్వు వెంటనే ఇంటర్నెట్లో వెతికి నా మీదకి విసురుతావని తెలుసు కనుక ముందే చెబుతున్నాను. 1998లో అచ్చయిన ఒక చిన్న పరిశోధన ఉంది. 19 మందికి రోజుకి మూడుసార్లు 250 మిల్లీగ్రాముల చొప్పున 8 వారాలు ఇస్తే కొలెస్ట్రాల్ తగ్గిందని. పొడి తినకుండా పోల్చి చూసుకునే గుంపు అందులో లేదు. పరిశోధనలో ఉన్నామన్న స్పృహతోనే మనిషి తిండి మారిపోతుంది, అది నీకు నేను చెప్పాలా? పైగా నీ పెద్ద చెంచా అంతకి కొన్ని రెట్లు తూగుతుంది. జుట్టుకీ గోళ్ళకీ సిలికా మంచిదని చెప్పే పరిశోధనలు కొన్ని ఉన్నాయి, అవి ఒంటికి పట్టేలా తయారుచేసిన వేరే రకం సిలికాతో చేసినవి. ఈ మట్టిలోది చాలావరకు ఎలా వెళ్ళిందో అలాగే బయటికి వచ్చేస్తుంది. ఒంటికి కావలసిన కాస్తా ధాన్యాల్లో, కూరగాయల్లో, తాగే నీళ్ళలో ఉండనే ఉంది.

అంటే అది విషమా అంటే, కాదు. నేను అబద్ధం చెప్పను. కాల్చని ఫుడ్ గ్రేడ్ రకం చెంచాడు పొరపాటున కడుపులోకి పోతే ఏమీ కాదు. మాత్రల్లో, పొడుల్లో గడ్డకట్టకుండా సిలికా వేస్తూనే ఉన్నారు, అమెరికాలో ఆహారంలో 2 శాతం దాటనివ్వరు. అయితే అది చిటికెడు లెక్క. రోజూ చెంచాలకొద్దీ ఏళ్ళ తరబడి తింటే ఏమవుతుందో పరీక్షించి భరోసా ఇచ్చినవాళ్ళెవరూ లేరు. నేలలోంచి తవ్వి తీసిన మట్టిలో సీసం, ఆర్సెనిక్ లాంటివి ఎంతో కొంత ఉండొచ్చు, ఒక్కో గనిది ఒక్కో తీరు. నీ ప్యాకెట్‌ది ఏ గనో, ఎవరు పరీక్షించారో దాని మీద ఉందా? విషాలు తీయడానికి నీకు కాలేయం ఉంది, రెండు కిడ్నీలున్నాయి, అవి జీతం అడగకుండా పనిచేస్తున్నాయి. వాటికి కావలసింది నీళ్ళు. నువ్వేమో నీళ్ళు తాగవు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయకూడదనే అనుకున్నాను. నీ థైరాయిడ్ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు?

పరగడుపునే కదా. పొడి కూడా పరగడుపునే కదా. ఆ మాత్ర ఎంత సుకుమారమో డాక్టరమ్మ మన ముందే చెప్పింది. కాల్షియం, ఐరన్, యాంటాసిడ్ లాంటివి తగిలితేనే ఒంటికి సరిగా పట్టదు, నాలుగు గంటల ఎడం ఉండాలని. మరి పట్టి ఉంచడమే పనిగా ఉన్న మట్టిని పక్కనే పోస్తావా? జుట్టు రాలుతోందన్నావట, నీరసమన్నావట, మలబద్ధకం కూడా ఉండే ఉంటుంది, నువ్వు చెప్పవు. అవన్నీ థైరాయిడ్ తగ్గినప్పటి లక్షణాలే. మాత్ర ఒంటికి పట్టక జుట్టు రాలుతుంటే, జుట్టు కోసమని ఇంకో చెంచా ఎక్కువ వేసుకుంటావేమోనని రాత్రి నిద్ర పట్టలేదు. మీ అమ్మతో దోమలున్నాయని చెప్పాను.

కాబట్టి పొడి ఆపెయ్. బతిమాలుతున్నాననుకో, తిడుతున్నాననుకో, నీ ఇష్టం. ఈ వారంలోనే థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, రక్తం సంగతి చెప్పే హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించు. పొడి తాగిన సంగతి డాక్టరుకి దాచకు. పొడి ఆపాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ మళ్ళీ చూపించుకో. ప్యాకెట్ నాలుగువైపులా ఫోటో తీసి నాకు పంపు, చిన్న అక్షరాలు కనబడేలా. పురుగుల మందని గానీ, స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్‌కని గానీ ఎక్కడైనా రాసుంటే వెంటనే ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే. నువ్వు వేసుకునే మాత్రలకి వారాల పేర్లున్న పెట్టె ఒకటి కొని పంపుతున్నాను, నవ్వకు.

ఈ ఉత్తరంలో ఏం రాశావని మీ అమ్మ అడిగితే చలికోటు గురించి అని చెప్పాను. నువ్వు కూడా అదే చెప్పు.

ఇట్లు,
నాన్న

తా.క. ఆ డబ్బాని ఎత్తి చెత్తబుట్టలో గుమ్మరించకు, దుమ్ము లేస్తుంది. ఫుడ్ గ్రేడ్ అయినా ధూళి ధూళే. ముక్కుకి గుడ్డ కట్టుకుని, మూత తెరవకుండా కవర్లో పెట్టి మూతి బిగించి పారెయ్. అలమరలో ఒలికి ఉంటే చీపురు పెట్టి ఊడవకు, తడిగుడ్డతో తుడువు. ఆ గుడ్డని ఆరేసి దులిపే అలవాటు నీకుంది, అదీ వద్దు.