పూడుకుపోయేది వాల్వు కాదండీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో గుండెపోటుతో పోయిన ఒకాయన గురించి ‘గుండె కవాటాలు మూసుకుపోవడంతో’ అని రాశారు. పాలకొల్లు చుట్టుపక్కల బళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, చెయ్యి ఎర్రపెన్ను కోసం వెతికింది. తప్పు మీ ఒక్కరిదే కాదు. మా వైపు ఏ అరుగు మీద కూర్చున్నా ‘మూడు వాల్వులు పూడిపోయాయంట, స్టెంటు వేశారంట’ అనే వినిపిస్తుంది.

వాల్వులు, అంటే కవాటాలు, నాలుగు. రక్తం వెనక్కి మళ్లకుండా ఆపే పల్చటి రెక్కలు. వాటి జబ్బులు వేరు. స్టెంటు, అంటే పూడిన నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం, వేసేది గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమనుల్లో.

ఈ తేడా నోటితో చెబితే పిల్లలకి ఎక్కేది కాదు. అందుకే ఆదివారం మటన్ కొట్లో మేక గుండె కొని, సోమవారం పదో తరగతిలో కోసేవాణ్ణి. (ఆ రాత్రి అది మా ఇంటి ఫ్రిజ్‌లో ఉండటం గురించి మా ఆవిడ ఏమనేదో ఇక్కడ రాయను.) ఎడమ జఠరిక (కింది గది) గోడ మందంగా, కుడిది పల్చగా ఉంటుంది. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు, ఎడమది ఒళ్లంతటికీ తొయ్యాలి కదా. పైకొవ్వు ఒలిస్తే సన్నటి ధమనులు బయటపడేవి.

ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు: “గుండె నిండా రక్తమే కదా మాష్టారూ, దానికి మళ్లీ వేరే గొట్టాలెందుకు?”

వాళ్లది మొగల్తూరు వైపు, కాలువ చివర శివారు చేను. “ధవళేశ్వరం దగ్గర గోదారి నిండుగా ఉంటే మీ దాళ్వా వరికి నీరందేస్తుందా? చేలోకి నీరు తెచ్చే బోదె పూడితే ఏమవుతుంది?” అన్నాను. వాడికి మరి చెప్పక్కర్లేకపోయింది. గదుల్లో పారే రక్తం కండరం మందంలోకి దిగదు. బృహద్ధమని మొదట్లోనే చీలే రెండు కరోనరీ ధమనులే దాని కాలువలు. అవి పైనుంచి లోపలికి దిగుతాయి గనక, రక్తాన్ని ఆనుకునే ఉన్న లోపలివైపు కండరమే అసలైన శివారు. ఎద్దడొస్తే ముందు దెబ్బతినేది అదే. పైగా ఎడమ జఠరికకి వంతులవారీ సరఫరా: కండరం బిగుసుకున్నప్పుడు లోపలి నాళాలు నొక్కుకుపోతాయి, సడలినప్పుడే రక్తం బాగా పారుతుంది.

చేతి కండరం అలిసిపోతే దింపుకుంటాం. ఇది రోజుకి లక్షసార్లు కొట్టుకోవాలి. దీని కణాలు కొమ్మలు చీలి, కొసాకొసా కలిసి వలలా అల్లుకుంటాయి. ఒకదానికి తగిలిన విద్యుత్తు అన్నిటికీ పాకుతుంది. అప్పుడు కణంలోకి కాల్షియం వస్తుంది, ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని పక్కగా ఒకటి జారతాయి, కండరం కుదించుకుంటుంది. ఇంధనం ఏటీపీ, అంటే కణం శక్తి కోసం వాడే రసాయనం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1929లో కండరంలో కనిపెట్టింది దాన్నే. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా కనిపెట్టాడు. కణంలో దాని నిల్వ కొన్ని సెకన్లకే సరి, ఎప్పటికప్పుడు తయారవ్వాలి. దానికి ఆక్సిజన్ కావాలి. ధమని పూర్తిగా మూసుకుంటే నిమిషంలోపే ఆ మేర కండరం ముడుచుకోవడం మానేస్తుంది. ఇరవై, ముప్పై నిమిషాల నుంచి చావడం మొదలవుతుంది.

మా బావగారికి సంక్రాంతి తర్వాత ఛాతీ బరువెక్కింది. సోడా తాగారు. వీధి చివర క్లినిక్‌లో గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చారు, ఈసీజీ తియ్యలేదు. భీమవరం చేరి స్టెంటు పడేసరికి ఐదు గంటలు. ప్రాణం దక్కింది గానీ ఎకో స్కాన్‌లో ఈఎఫ్ (ఎడమ జఠరిక ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి తోస్తుందో ఆ లెక్క) 35 శాతం వచ్చింది. మామూలుగా 55 పైన ఉండాలి. చచ్చిన చోట మచ్చ కడుతుంది, మచ్చ ముడుచుకోదు. కొత్త కండర కణాలా, ఏడాదికి నూటికి ఒకటైనా రావు. ఇప్పుడు చెరువుగట్టు దాకా నడవడానికి రెండుచోట్ల ఆగుతున్నారు.

ఆయన గత నెల మాత్రలు మానేశారు. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా వాడేవి! అడిగితే “కొత్త వాల్వు వేశారు కదా, ఇంక మందులెందుకు?” అన్నారు. వేసింది వాల్వు కాదని గంటసేపు బొమ్మ గీసి చెప్పాను. మళ్లీ మొదలుపెట్టారు.

మొన్న మీ పేపరు పట్టుకొచ్చి, ఆ వార్త మీద వేలు పెట్టి, “చూడు బావా, వీళ్లూ వాల్వులనే రాశారు” అన్నారు. ఇకనుంచి ‘గుండె రక్తనాళం మూసుకుపోయి’ అని రాయండి. కాలమ్‌లో చోటు ఎక్కువేం పట్టదు.

– ఒక రిటైర్డ్ జీవశాస్త్రం మాష్టారు, పాలకొల్లు