యార్క్ సందుల్లో డబ్బా వేట, మామయ్యగారి మంకీ క్యాప్

ఏమే వాణీ,

నీ వాయిస్ మెసేజ్ ఇప్పుడే విన్నా. "ఆ చీకట్లో గోడలకి టార్చ్‌లేసుకుని ఏం చేస్తున్నారే మీరంతా, ఎవరిదన్నా నగ పోయిందా" అని అడిగావు చూడు, నవ్వాగలేదు, ఎందుకంటే దాదాపు అదే మాట అక్కడ ఇంకొకావిడ కూడా అడిగింది, అదీ చెప్తా ఉండు. పిల్లలు పడుకున్నారు, ఆయనకేదో ఆఫీసు కాల్ ఉంది, నాకిప్పుడు తీరికే.

పిల్లలకి అక్టోబర్ హాఫ్ టర్మ్ సెలవులు, అత్తయ్యగారూ మామయ్యగారూ అమలాపురం నుంచి వచ్చి ఉన్నారు, ఎక్కడికన్నా తిప్పాలి కదా. ఇక్కడ ఇంగ్లండ్‌లో మా లీడ్స్ నుంచి యార్క్ అంటే రైల్లో అరగంట. పగలు తీసుకెళ్తే ఏముందే, మిన్‌స్టర్ చర్చి ముందు ఒక ఫోటో, షాంబుల్స్ అనే పాత వీధిలో తోపులాట, ఒక ఫడ్జ్ మిఠాయి పాకెట్ కొనుక్కుని ఇంటికి. చూశామా అంటే చూశాం. మా పెద్దాడికి ఈ మధ్య జియోకాషింగ్ అనే ఆట పిచ్చి పట్టింది, రాత్రి పూట వెళ్దాం, జనం ఉండరు, వెతుక్కోడానికి వీలుగా ఉంటుంది అని వాడే పట్టుబట్టాడు. ఈ రోజుల్లో ఇక్కడ ఆరయ్యేసరికే చీకటి పడిపోతుంది, కాబట్టి రాత్రంటే మరీ అర్ధరాత్రేం కాదులే, కంగారుపడకు.

ఆటేంటంటే, ఎవరో ఒక డబ్బా ఎక్కడో దాచి దాని అక్షాంశం రేఖాంశం యాప్‌లో పెడతారు, మనం ఫోన్ పట్టుకుని వెతికి, లోపలున్న కాయితం మీద సంతకం పెట్టి, మళ్ళీ ఎలా ఉన్నది అలాగే పెట్టేసి రావాలి. అంతే. డబ్బూ రాదు, బహుమతీ రాదు, అందుకే నాకు మొదట్లో ఇదేం ఆటరా బాబూ అనిపించింది. దీని పుట్టుక మాత్రం బావుంటుంది. అంతకుముందు మామూలు జనం వాడే జీపీఎస్‌ని అమెరికా వాళ్ళు కావాలనే తప్పుగా చూపించేలా పెట్టేవాళ్ళట, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెల మొదట్లో ఆ తిరకాసు తీసేశారు, వెంటనే ఒరెగాన్‌లో ఒకాయన నల్ల బకెట్‌లో ఒక ఉండేలు, బీన్స్ డబ్బా, ఇంకేవేవో పడేసి అడవిలో పెట్టి, ఆ అంకెలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అదీ మొదలు.

మేం పట్టుకున్నది ఒకే చోట దొరికే రకం కాదు. ఊళ్ళో నాలుగైదు చోట్లకి వెళ్ళి అక్కడి బోర్డుల మీద, రాళ్ళ మీద ఉన్న సంవత్సరాలు రాసుకుని, వాటితో కూడికలూ తీసివేతలూ చేస్తే ఆఖరి చోటు వస్తుంది. అందుకే అసలు ఊరు చదివాం అన్నమాట. మిన్‌స్టర్ పక్కన కాన్‌స్టంటైన్ కంచు విగ్రహం ఉంది, విరిగిన కత్తి చేత్తో పట్టుకుని కుర్చీలో జారబడి కూర్చుంటాడు. మామయ్యగారు చూసి "ఎవరమ్మా ఈయన, శిస్తు వసూలుకొచ్చిన జమీందారులా కూర్చున్నాడు" అన్నారు. 306లో వాళ్ళ నాన్న, అంటే రోమన్ చక్రవర్తి, ఈ ఊళ్ళోనే చచ్చిపోతే సైన్యం అక్కడికక్కడే కొడుకుని చక్రవర్తి అనేసింది. ఆ 306 మాకు మొదటి అంకె. నేనీ విగ్రహం ముందు ఇదివరకు ఐస్‌క్రీమ్ కూడా తిన్నానే, ఆ పలక వైపు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు.

ఆ పక్కనే చిన్న చర్చి, సెయింట్ మైకేల్ లే బెల్‌ఫ్రీ. గై ఫాక్స్‌కి 1570లో అక్కడే బాప్టిజం ఇచ్చారు. పార్లమెంటు కింద మందుగుండు పెట్టి 1605 నవంబర్ 5న దొరికిపోయాడే, ఏటా ఇక్కడ మంట వేసి బొమ్మ తగలబెడతారు చూడు, ఆయనే. మా చిన్నది "అయితే ఈ ఊరివాణ్ణే తగలబెడుతున్నారా" అని తెగ బాధపడిపోయింది. ఆయన చదివిన స్కూల్లో మాత్రం తమ పాత విద్యార్థి కదా అని బొమ్మ తగలబెట్టరు అని చెప్తే శాంతించింది.

అక్కణ్ణుంచి మిన్‌స్టర్ వెనక సందులోకి వెళ్ళాం, ట్రెజరర్స్ హౌస్ దగ్గరికి. 1953లో ఆ ఇంటి నేలమాళిగలో పని చేస్తున్న ప్లంబర్ కుర్రాడొకడికి గోడలోంచి రోమన్ సైనికులు నడిచొస్తూ కనిపించారట, మోకాళ్ళ కింద ఏమీ లేదట. తీరా చూస్తే పాత రోమన్ రోడ్డు ఆ నేలకి ఇంకాస్త కింద ఉంది, అదీ ఇక్కడి వాళ్ళు చెప్పుకునే లాజిక్. దయ్యాల సంగతి నేను నమ్మను, అయినా ఆ సందులో మాత్రం ఆయన చెయ్యి పట్టుకునే నడిచాను. మేం వెళ్ళేసరికి దయ్యాల కథలు చెప్తూ ఊరు తిప్పే ఘోస్ట్ వాక్ గుంపొకటి ఉంది, పొడుగు టోపీ పెట్టుకున్న గైడ్ సరిగ్గా ఈ కథే గొంతు తగ్గించి చెప్తున్నాడు. మామయ్యగారేమో చలికి మంకీ క్యాప్, పైన బూడిద రంగు శాలువా, టార్చ్ గడ్డం కింద పెట్టుకుని చేతిలో కాయితం చదువుకుంటూ ఒక పొట్టి గోడ వెనకాల నిలబడ్డారు. అంటే మోకాళ్ళ పైనుంచే కనిపిస్తున్నారన్నమాట. ముందు ఒకమ్మాయి తిరిగి చూసింది. ఆ కేక మిన్‌స్టర్ గంట కన్నా గట్టిగా వినపడింది! అత్తయ్యగారు నవ్వలేక అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. గైడ్ మటుకు తెలివైనవాడు, టోపీ తీసి మామయ్యగారికి వంగి దండం పెట్టాడు.

కోట గోడల మీద నడుద్దాం అని చిన్నది గొడవ, కానీ పొద్దుగూకేసరికి గోడ మీదకెక్కే గేట్లకి తాళం వేసేస్తారు. మూడున్నర కిలోమీటర్ల దాకా ఉంటాయి ఆ గోడలు, కింద నుంచే చూస్తూ నడిచాం. అలా నడుచుకుంటూ ఊరికి అటు చివర డిక్ టర్పిన్ సమాధి దగ్గరికి. వాడొక దారిదోపిడీ దొంగ, వాడి కథ నీకు చెప్పి తీరాలి. పేరు మార్చుకుని జాన్ పామర్ అని చెప్పుకుంటూ తిరిగాడు, ఏదో గొడవలో యార్క్ జైల్లో పడ్డాడు, అప్పటికీ వీడే టర్పిన్ అని ఎవరికీ తెలీదు. జైల్లోంచి బావమరిదికి ఉత్తరం రాశాడు. అప్పట్లో పోస్టు ఖర్చు అందుకున్నవాడే కట్టాలి, ఆయన కట్టనన్నాడు, ఉత్తరం మళ్ళీ పోస్టాఫీసుకి పోయింది, అక్కడ ఆ చేతిరాత చూసి గుర్తుపట్టిందెవరనుకున్నావ్, చిన్నప్పుడు వాడికి అక్షరాలు దిద్దించిన మేష్టారు! 1739లో ఉరి తీశారు. మా పెద్దాడు చేతిరాత బాలేదని రోజూ తిట్లు తింటాడు కదా, "చూశావా అమ్మా, నన్నెవరూ పట్టుకోలేరు" అన్నాడు.

లెక్క వేసేసరికి ఆఖరి చోటు మళ్ళీ ఊరి మధ్యకే వచ్చింది, షాంబుల్స్ దగ్గర ఒక సందు. ఏ సందో చెప్పను, అది ఆట మర్యాద, నువ్వొచ్చినప్పుడు నువ్వే వెతుక్కో. షాంబుల్స్ అంటే పాతకాలం కసాయి వీధి, మాంసం వేలాడదీసిన కొక్కేలు ఇప్పటికీ గోడలకి ఉన్నాయి, పై అంతస్తులు రెండు వైపుల నుంచీ వీధి మీదకి వంగి ఉంటాయి. అక్కడ ఫోన్‌కి పిచ్చెక్కింది. నాలుగు మీటర్లు అంటుంది, ఇరవై రెండు అంటుంది, వెనక్కి తిరుగు అంటుంది. ఉపగ్రహం సిగ్నల్ తిన్నగా రాకుండా గోడలకి కొట్టుకుని ఆలస్యంగా వస్తుంది, ఆలస్యమైతే దూరం ఎక్కువని ఫోన్ అనుకుంటుంది, అదీ సంగతి. ఆయనా పెద్దాడూ ఫోన్లు మార్చి మార్చి సందంతా నాలుగు రౌండ్లు కొట్టారు.

మామయ్యగారు రెవెన్యూలో సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారని నీకు తెలుసు కదా. కాసేపు చూసి చూసి "ఆ ఫోన్ ఇటివ్వరా" అన్నారు. పొలంలో సరిహద్దు రాయి పోతే అక్కడే తవ్వుకుంటూ కూర్చోరమ్మా, ఉన్న రాళ్ళ దగ్గరికెళ్ళి అక్కణ్ణుంచి కొలుచుకుంటూ వస్తారు అని, మమ్మల్నందర్నీ కింగ్స్ స్క్వేర్‌కి నడిపించారు. ఆకాశం బాగా కనిపించే చోటు అది. ఒక్క నిమిషం కదలకుండా నిలబడితే ఫోన్ కుదురుకుంది, దూరం ఇంత, దిక్కు ఇటు. అంకెల్లో ఆఖరిది ఒకటి మారితే ఉత్తరానికి దాదాపు రెండు మీటర్లు జరిగినట్టు అని పెద్దాడు చెప్తే "ఓస్, మా గొలుసుకి 66 అడుగులు, 100 లింకులు, దాంట్లో లింకు తేడా వస్తేనే తాసిల్దారు ఊరుకునేవాడు కాదు" అని, అడుగులు లెక్కపెట్టుకుంటూ బయల్దేరారు. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి అత్తయ్యగారు ఏదో అంటే మళ్ళీ మొదటికొచ్చారు.

ఇంతలో కుక్కని తిప్పుతూ ఒక పెద్దావిడ, ఏమన్నా పోయిందా అని అడిగింది. ఈ ఆటలో తెలియనివాళ్ళకి గుట్టు చెప్పకూడదు కదా, మా ఆయన తడుముకోకుండా మా ఆవిడ చెవి కమ్మ పడిపోయింది అనేశారు. పాపం ఆవిడ ఫోన్ లైటేసి, మోకాళ్ళు పట్టుకుని, రాళ్ళ మధ్యలో వెతకడం మొదలెట్టింది. నాకు ప్రాణం చచ్చిపోయిందే! కాసేపటికి తలెత్తి నా మొహం మీద లైటేసి "రెండూ నీ చెవులకే ఉన్నాయి కదా లవ్" అంది. ఇక్కడ అందర్నీ లవ్ అనే పిలుస్తారులే. ఆవిడ నవ్వింది కాబట్టి బతికిపోయాం.

అప్పుడే మామయ్యగారు ఒక వానగొట్టం వెనకాల ఇనుప బ్రాకెట్ కింద వేలు పెట్టి, ఏదో పీకి, నా అరచేతిలో పెట్టారు. అయస్కాంతం బిళ్ళ, చొక్కా గుండీ అంత ఉంటుందేమో. మూత తిప్పితే లోపల సిగరెట్ కాయితం కన్నా సన్నగా చుట్టిన చీటీ, ప్లక్కర్‌తో తియ్యాలి, చిన్నది దానికోసమే ప్లక్కర్ జేబులో తెచ్చుకుంది. ఎవరి పేరన్నా మూడు నాలుగు అక్షరాలే పడతాయి. మామయ్యగారు పెన్ను తీసుకుని తెలుగులో ఇంటిపేరుతో సహా మొత్తం రాసి, కింద "రిటైర్డ్ సర్వేయర్" అని కూడా మొదలెట్టారు, నాన్నా తర్వాత వచ్చేవాళ్ళకి చోటుంచండి అని ఈయన గోల. ఆ కుక్కావిడే లైటు పట్టుకుంది.

ఇప్పుడసలు పని. మామయ్యగారు జనవరిలో వచ్చేసి అమలాపురంలో ఒక డబ్బా పెడతారట, చోటు కూడా చూసుకున్నారు, ఏదో కాలవ లాకుల దగ్గర. రూల్స్ అన్నీ పెద్దాడి చేత చదివించుకున్నారు, భూమిలో పాతిపెట్టకూడదు, స్థలం వాళ్ళ పర్మిషన్ ఉండాలి, ఇంకో డబ్బాకి 161 మీటర్ల లోపు ఉండకూడదు, తడిసినా పోయినా బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండాలి. ఏప్రిల్‌లో మామయ్యగారు మళ్ళీ హైదరాబాద్ పెద్ద మరిది దగ్గరికి వెళ్ళిపోతారు, అప్పుడు చూసుకోడానికి మీ తమ్ముడేమన్నా ఒప్పుకుంటాడేమో కనుక్కుని చెప్పవే, వాడికి బైక్ ఉంది కదా. డబ్బా మాత్రం ఇక్కడినుంచే తెస్తారట, అత్తయ్యగారి సూట్‌కేసులో ఇప్పటికే పడేశారు.

నీ,
సుజాత