మధుమేహానికి మూలికలు: మోతాదు తేల్చేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

మధుమేహాన్ని మూలికలతో సమూలంగా నయం చేస్తామన్న టీవీ ప్రకటన నమ్మి మా మేనత్త నిరుడు వేసవిలో ఇన్సులిన్ మానేశారు. మూడు వారాలు తిరగకుండానే ఆమెను అత్యవసర విభాగంలో చేర్చవలసి వచ్చింది. ఆమె వాడిన పొడి డబ్బాపై పొడపత్రి, నేరేడు గింజలు, కాకర, తిప్పతీగ అని పేర్లున్నాయి గాని, ఏది ఎన్ని గ్రాములో లేదు.

నేను మూలికలకు వ్యతిరేకిని కాను. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. పొడపత్రి ఆకు నమిలి, ఆపైన పంచదార నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉందని పిల్లలు ఏటా ఆశ్చర్యపోయేవారు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకకు తీపి తెలియకుండా కాసేపు అడ్డుకుంటాయి. కానీ నాలుకకు తీపి తెలియకపోవడం వేరు, రక్తంలో చక్కెర తగ్గడం వేరు. పైగా నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి ఆ ఆమ్లాల పాళ్లు మారిపోతాయి కాబట్టి, చెంచాడు పొడి అంటే ఏ మోతాదో ఎవరూ చెప్పలేరు.

మొక్క మందుగా మారడానికి ఎంత శ్రమ కావాలో మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కథ చెబుతుంది. ఐరోపాలో మధుమేహ లక్షణాలకు వాడిన గలీగా మొక్కలోని గలీజిన్ అనే రసాయనం విషపూరితమని తేలింది. ఆ రసాయన కుటుంబానికే చెందిన మెట్‌ఫార్మిన్‌ను 1922లో ప్రయోగశాలలో తయారుచేస్తే, ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలు 1957లో గాని వెలువడలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కూడా మెంతులను ఊరికే పొగడలేదు. కొద్దిమంది టైప్-1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) మధుమేహ రోగులకు రోజుకు 100 గ్రాముల నూనె తీసిన మెంతిపిండిని రెండు పూటల భోజనంలో కలిపి, పది రోజులు పెట్టి, పరగడుపు చక్కెర తగ్గిందని కొలిచి 1990లో ప్రచురించారు. పొద్దున్నే గుప్పెడు మెంతులు నానబెట్టుకుని తాగేవారు ఆ 100 గ్రాముల లెక్కను గమనించాలి.

మన వైద్య, ఆయుర్వేద కళాశాలలు కలిసి ఇలాంటి పరీక్షలే పొడపత్రికి, నేరేడుకు పెద్ద ఎత్తున జరపాలి. అంతవరకు రోగులు వైద్యుడికి చెప్పకుండా ఇన్సులిన్ గాని, మాత్రలు గాని మానరాదు. వాటితోపాటు ఈ మూలికలు వాడినా చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మధుమేహాన్ని నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అధికారులు దాన్ని అమలు చేయాలని, అలాంటి ప్రకటనలను మీ పత్రిక కూడా తిరస్కరించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత వృక్షశాస్త్ర ఉపన్యాసకుడు, కర్నూలు