ఆర్డినెన్స్ ఉన్నది అత్యవసరానికే

సంపాదకుల వారికి నమస్కారం.

పార్లమెంటు సమావేశాలు లేని వేళ తక్షణ అవసరం ఏర్పడితే ఆర్డినెన్స్ (చట్టంతో సమానమైన తాత్కాలిక ఆదేశం) జారీ చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 123వ అధికరణం రాష్ట్రపతికి ఇచ్చింది. మంత్రిమండలి సలహాపై వెలువడే ఆ ఆర్డినెన్స్, ఉభయ సభలు తిరిగి కొలువుదీరాక ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే రద్దయిపోతుంది. శాసనాధికారం ఎవరిదో తేల్చే గీత ఈ గడువే. గవర్నర్లకూ 213వ అధికరణం ఇలాంటి అధికారమే ఇచ్చింది. బిహార్‌లో 1967–81 మధ్య 256 ఆర్డినెన్సులు జారీ చేసి, గడువు తీరాక సభ ఆమోదం లేకుండానే మళ్లీ మళ్లీ జారీ చేస్తూ కొన్నింటిని 14 ఏళ్ల దాకా నడిపారు. దీన్ని సుప్రీంకోర్టు 1986లో తప్పుపట్టింది. అయినా భూసేకరణ ఆర్డినెన్స్ 2014 డిసెంబరు మొదలు మూడుసార్లు వచ్చింది. ఇలా మళ్లీ జారీ చేయడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2017లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పులో స్పష్టం చేసింది.

మా ఖమ్మం జిల్లావాసులకు ఇది పుస్తకాల్లోని చర్చ కాదు. అప్పటిదాకా మా జిల్లాలో ఉన్న పోలవరం ముంపు మండలాలు 2014 మేలో ఆర్డినెన్స్‌తోనే ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. బిల్లు లోక్‌సభలో చర్చకు వచ్చింది జులైలో. ఆ ఊళ్లవారి తరఫున సభలో ఎవరైనా నోరు విప్పేసరికే సరిహద్దు మారిపోయింది. ఆర్డినెన్స్ ఎందుకంత అత్యవసరమైందో సమావేశాల తొలిరోజే సభలో చర్చించే నిబంధన తేవాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఖమ్మం