సూరికి, గళ్ల కాగితం గురించి

ఒరేయ్ సూరీ,

మీ క్లాసు పిల్లలు ఒక పని ఎలా చేయాలో వరసగా రాయలేకపోతున్నారని నువ్వు పంపిన నోటుబుక్కుల ఫొటోలు చూశాను. పిల్లలకి రాయడం రాక కాదురా. ఓఆర్ఎస్ (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, పంచదార నీళ్లు) తయారీ విధానం రాయమంటే సగం మంది "మా అమ్మ నీళ్లు కాచింది, నాకు తాగించింది" అని కథ చెప్పారు. మిగతావాళ్లు "నీళ్లు కాచి చల్లార్చి పంచదార ఉప్పు వేసి కలిపి తాగాలి" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. క్త్వార్థకం, అంటే "కాచి, కలిపి" లాంటి క్రియ, చేతిలో ఉంటే ఎన్ని పనులనైనా దండలా గుచ్చెయ్యొచ్చు కదా. ఎంత, ఎంతసేపు అన్నవే మధ్యలో జారిపోతాయి.

అందుకే ముందు వాక్యాల జోలికి పోకు, గళ్లు ఇవ్వు. జిరాక్సులు అక్కర్లేదు. ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే 8 గళ్లు వస్తాయి. మొదటి గడిలో పేరు, అది ఎందుకు పనికొస్తుందో. రెండో దాంట్లో కావలసినవి, కొలతలతో సహా. మూడు నుంచి ఏడు దాకా పనులు, చివరిది జాగ్రత్తలకి. గడికి ఒక్కటే క్రియ, ఇందులో మాత్రం మొహమాటపడకు. రెండు కనిపిస్తే నిలువుగీత గీసి చీల్చమను. గళ్లు చాలకపోతే ఇంకో కాగితం అంటించుకుంటారు. ఐదింట్లోనే సర్దమన్నావా, మళ్లీ అన్నీ కలిపేస్తారు.

పని రాసిన ప్రతి గడికీ అడుగున అడ్డగీత కొట్టించి, దాని కింద "అయిందని ఎలా తెలుస్తుంది?" అన్నదానికి జవాబు రాయించు. అసలు చదువంతా అక్కడే. ఓఆర్ఎస్‌నే తీసుకో. లీటరు శుభ్రమైన నీళ్లకి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, గోపురంలా కాకుండా అంచుకి సమంగా. పిల్లలు "చెంచాతో ఉప్పు" అని ఊరుకుంటారు. ఉప్పు ఎక్కువైతే విరేచనాలతో నీరసించిన బిడ్డకి మేలు పోయి కీడవుతుందని చెబితే, ఆ "అర", ఆ "అంచుకి సమంగా" ఎందుకో వాళ్లకే తెలుస్తుంది. గీత కింద "పంచదార పలుకు కనబడకూడదు", "కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండకూడదు" అని వస్తే చాలు. 24 గంటలు దాటితే పారబోయాలన్నది జాగ్రత్తల గడిలోకి.

గడి నుంచి గడికి బాణాలు గీయించు, అక్కడ వ్యాకరణం కూడా కలిసొస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి అయితే నేరు బాణం, అది క్త్వార్థకం. రెండు పనులు ఒకేసారి అయితే పక్కపక్క గళ్లు, "కలుపుతూ పోయాలి" అని శత్రర్థకం. దారి చీలితే రెండు బాణాలు, "ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపాలి" అని చేదర్థకం.

వాక్యాలు రెండో పీరియడ్‌లో. గళ్లు ఉన్నవి ఉన్నట్టు దించేసి మధ్యలో "తర్వాత, తర్వాత" అని అతికిస్తారు. రెండు గళ్లు కలపనివ్వు, కానీ ఆ రెండింట్లో ముందుదానిలో కొలతో సమయమో ఉంటే కలపకూడదను. ఇక వాక్యాల చివరి మాటలన్నిటికీ కింద గీతలు గీయించు. "కలపాలి, పోయండి, తాగించింది" అని మూడు రకాలుంటే వాళ్ల కంటికే తగులుతుంది. ఏదో ఒకదానికి కట్టుబడమను.

చార్టు అందానికి మార్కులు వెయ్యకు బాబూ, పీరియడంతా స్కెచ్ పెన్నులకే సరిపోతుంది. రాత బాగా వెనకబడినవాళ్లని గళ్లలో బొమ్మలు వెయ్యనివ్వు, మాటలు పక్కవాడు చెబుతాడు.

పరీక్షకి చుక్కల ముగ్గుని మించింది లేదు. 5 నుంచి 3 దాకా సందు చుక్కలు, అంటే మధ్య వరసలో 5, దానికి రెండు వైపులా 4, ఆపైన 3. ఒకళ్లు రాసింది ఇంకొకళ్లు పలక మీద వేయాలి, రాసినవాళ్లు నోరు విప్పకూడదు. చుక్కలు రెండు వైపులా తగ్గాలని రాయకపోతే మొత్తం చుక్కల లెక్క 19 రాదు. గీత చుక్కల్ని కలుపుతుందా, చుట్టూ తిరుగుతుందా అన్నది చెప్పకపోతే గీతల ముగ్గు కాస్తా మెలికల ముగ్గయి కూర్చుంటుంది. తమాషా ఏంటంటే, రోజూ ముగ్గు వేసేవాళ్లే ఎక్కువ వదిలేస్తారు. చెయ్యికి అలవాటైంది మాటలోకి రాదు మరి. ఏ గడిలో ఏది లేక ఆగిపోయిందో వేసినవాళ్లే వేలు పెట్టి చూపిస్తారు, నువ్వు ఎర్రపెన్ను తీయనక్కర్లేదు.

మూడో అంశానికి కాగితం వాళ్లనే మడుచుకోమను, నాలుగో దానికి గళ్లు మానిపించు. అంశాల్లో టీ పెట్టడం మాత్రం ఇవ్వకు. అందరికీ తెలిసిన పనైతే చదివేవాడు ఖాళీలన్నీ తనే పూరించేసుకుంటాడు, తప్పు బయటపడదు.

నీ,
రఘు